చిన్న వ్యాపారానికి సొంత గుమ్మం

మన ఊళ్ళలో దుకాణానికి బోర్డు లేకపోయినా వ్యాపారం నడుస్తుంది. "గుడి వెనక సందులో, వేపచెట్టు పక్కన, పచ్చళ్ళావిడ ఇల్లు" అంటే చాలు, ఆటో అతను తీసుకువెళ్ళి గుమ్మం ముందు దింపుతాడు. అయితే ఆ చిరునామా ఊరి పొలిమేర దాటగానే పని చేయడం మానేస్తుంది. కొనేవారు పుణెలోనో, డల్లాసులోనో ఉన్నప్పుడు వేపచెట్టు ఆనవాలుతో వారికి ఒరిగేదేమీ లేదు. చిన్న వ్యాపారానికి జాలస్థలి ఎందుకు అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా తోచే సమాధానం ఇదే. అది మొదట ఒక చిరునామా. ప్రకటన, ప్రచారం, ఆర్భాటం అన్నీ ఆ తరవాతి సంగతులు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా పిన్ని. బాబాయి పోయిన తరవాత ఆమె తెనాలిలో పచ్చళ్ళు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. మొదట ఇరుగుపొరుగువారు, ఆపై వారి పిల్లలు, ఆ పిల్లలు విదేశాలకు వెళ్ళాక వారిని చూడబోయే తల్లిదండ్రుల పెట్టెలు. ఇలా ఒకరి నోట విని మరొకరు రాగా, ఇప్పుడు ఆ వంటింటి మీద ఆమెతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు బతుకుతున్నారు. వేసవిలో ఆవకాయ, మాగాయ, కార్తికంలో ఉసిరి, ఏడాది పొడుగునా గోంగూర, పండుమిరప. సరుకు మంచిదే. రుచికి పేరుంది. లేనిదల్లా ఆ పేరు నిలవడానికి ఒక చోటు.

2019లో ఒక కుర్రవాడు వచ్చి, ఆమెకు సైటు చేసిపెట్టాడు. బుట్టలో సరుకు వేసుకోవడం, కార్డుతో డబ్బు కట్టడం, రాయితీ కూపన్లు, తిరిగే బొమ్మలు, సమస్తమూ ఉన్నాయి. పిన్ని మురిసిపోయి ఆ సైటు పేరును సీసాల చీటీల మీద అచ్చు వేయించింది. మూడేళ్ళ తరవాత ఆ పేరు గడువు తీరింది. గడువు పొడిగించమని వచ్చే ఉత్తరాలన్నీ ఆ కుర్రవాడికే పోతాయి, ఎందుకంటే పేరు నమోదయినది అతని పేరు మీదే. అతని ఫోను నంబరు మారిపోయింది. కొన్ని నెలలకు అదే పేరు మీద ఒక జూదపు పుట వెలిసింది. విశాఖపట్నం నుంచి ఒక పాత ఖాతాదారు ఫోను చేసి, "ఏమ్మా, పచ్చళ్ళు మానేసి పేకాట పెట్టారా?" అని అడిగారట. ఆయన పరిహాసానికే అన్నారు. పిన్ని మాత్రం ఆ రోజంతా అన్నం ముట్టలేదు. అటక మీద ఉన్న చీటీల కట్టలన్నీ పొయ్యిలో పెట్టించింది.

ఈ వ్యవహారంలో తెలుసుకోవలసిన మొదటి పాఠం సాంకేతికమైనది కాదు, పూర్తిగా లౌకికమైనది. జాలస్థలిలో మూడు వేరు వేరు సంగతులున్నాయి. పేరు ఒకటి, అంటే డొమైను. ఆ పుటలు ఉండే చోటు రెండవది, అంటే హోస్టింగు. ఆ పుటలలోని రాతా, బొమ్మలూ మూడవది. ఇంటి భాషలో చెప్పుకొంటే దస్తావేజు, స్థలం, ఇల్లు. ఇల్లు పాతబడితే మళ్ళీ కట్టుకోవచ్చు. స్థలం నచ్చకపోతే మారవచ్చు. దస్తావేజు మాత్రం పరాయివాడి పేరున ఉండకూడదు. డాట్ కామ్ వంటి పేరు గడువు తీరి తొలగింపుకు వస్తే, 30 రోజుల పాటు అధిక రుసుము కట్టి విడిపించుకునే వీలుంటుంది. ఆపై 5 రోజులకు అది ఎవరైనా కొనుక్కోదగిన సరుకవుతుంది. కనుక పేరును సొంత ఈమెయిలుతో, సొంత ఫోను నంబరుతో, యజమాని పేరు మీదే నమోదు చేయాలి. చేసిపెట్టేవారు ఎంత ఆప్తులైనా సరే. పొలం రిజిస్ట్రేషను మేస్త్రీ పేరున చేయించం కదా!

"ఇంత తతంగం దేనికి? ఫేసుబుక్కులోనో ఇన్‌స్టాగ్రాములోనో ఉచితంగా ఒక పుట పెట్టుకుంటే పోలేదా?" అని చాలామంది అంటారు. పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. కాని అది ఎవరిదో అరుగు మీద పరచుకున్న చాప. ఆ అరుగుల చరిత్ర మనకు తెలిసినదే. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న వెళ్ళిపోయింది. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. దాని మీదే గిరాకీ పెంచుకున్న చీరల వ్యాపారులూ, వంటల వాళ్ళూ రాత్రికి రాత్రి తమ ఖాతాదారులకు కనబడకుండా పోయారు. 2021 అక్టోబరు 4న, మనకు రాత్రి తొమ్మిది దాటాక, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడూ ఒక్కసారిగా ఆగిపోయి సుమారు ఆరు గంటలు లేవలేదు. మూడూ ఒకే యజమానివి కావడం వలన ఒకచోట పని చేయకపోతే మరొకచోటికి పోయే దారి కూడా లేకపోయింది.

అన్నిటికంటె చెప్పుకోదగినది మరొకటుంది. గూగుల్ సంస్థ 2017లో మన దేశపు చిన్న వ్యాపారులకు తన వ్యాపార వివరాల సేవలో భాగంగా ఉచితంగా సైటు చేసుకునే వీలు కల్పించింది. సెలూన్ల నుంచి కుట్టుమిషను దుకాణాల దాకా ఎందరో దానిని వాడుకున్నారు. ఆ సైట్లనన్నిటినీ 2024 మార్చిలో ఆ సంస్థే ఆపివేసింది. పటంలో దుకాణపు ఆనవాలు మిగిలింది, సైటు పోయింది. ఇందులో మోసమేమీ లేదు. అరుగు యజమాని తన అరుగును తన ఇష్టం వచ్చినట్టు వాడుకున్నాడు, అంతే. ఉచిత గూటిలో రాసుకునే నేను ఈ మాట చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు. నా రాతలు పోతే నాకు నాలుగు రోజుల బాధ. పిన్ని చిరునామా పోతే ఇద్దరు ఆడవాళ్ళ నెలజీతం. తేడా ఉంది.

అంతమాత్రాన ప్రతి వ్యాపారానికీ సైటు కావాలని నేననను. బస్టాండు ముందు ఇడ్లీ బండికి అది దండగ. అతని ఖాతాదారు పది అడుగుల దూరంలో ఆకలితో నిలబడి ఉంటాడు. వీధి చివరి కిరాణా కొట్టుకు పటంలో సరైన ఆనవాలు, వేళలు, ఫోను నంబరు ఉంటే చాలు. ఎవరికి కావాలి అన్నదానికి నేను పెట్టుకున్న గీటురాళ్ళు మూడు. కొనేవారు దూరాన ఉన్నారా? కొనేముందు వారికి నమ్మకం కుదరవలసిన అవసరముందా? అవే ప్రశ్నలకు రోజూ మళ్ళీ మళ్ళీ జవాబు చెప్పవలసి వస్తోందా? ఈ మూడింటిలో రెండింటికి అవునన్న సమాధానం వస్తే సైటు కావలసిందే. పిన్నికి మూడూ అవుననే వచ్చాయి. "నూనె ఏది వాడతారు? వెల్లుల్లి లేనిది ఉందా? అమెరికా పంపుతారా? ఎన్నాళ్ళు నిలవుంటుంది?" ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పడంలోనే ఆమె సాయంకాలాలు గడిచిపోయేవి.

ఇక ఏ రకం సైటు కావాలి అన్నది అసలు సమస్య. అక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. స్థూలంగా చూస్తే నాలుగు రకాలు. ఒకటి, ఒంటి పుట: ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా పిలవాలి. వైద్యులకు, కుట్టుపనివారికి, వడ్రంగులకు అది సరిపోతుంది. రెండు, జాబితా సైటు: సరుకుల బొమ్మలు, వివరాలు, ధరలు ఉంటాయి, కొనుగోలు మాత్రం ఫోను మీదనో, సందేశం ద్వారానో జరుగుతుంది. మూడు, వేళలు కేటాయించే సైటు: బస గదులకు, ట్యూషన్లకు, పరీక్షా కేంద్రాలకు. నాలుగు, పూర్తి అంగడి: బుట్ట, చెల్లింపు, నిల్వల లెక్క, రవాణా అన్నీ సైటులోనే.

పిన్నికి ఆ కుర్రవాడు అంటగట్టినది నాలుగవది. చూపులకు అది గొప్పది. కాని ఆ అంగడి సవ్యంగా నడవాలంటే ప్రతి సీసా లెక్కా రోజూ ఎక్కించాలి. ఆవకాయ జాడీ అడుగంటిన రోజున ఆ సంగతి సైటుకు తెలియదు. అది డబ్బు తీసుకుంటూనే ఉండేది. ఆ డబ్బు తిప్పి పంపేటప్పటికి వారం పట్టేది, ఖాతాదారుకు కోపం వచ్చేది. రవాణా ఖర్చు కూడా ఊరిని బట్టి, బరువును బట్టి మారుతుంది. కిలోకు ఒకటే లెక్క కట్టిన సైటు వలన విదేశాలకు పంపిన ప్రతిసారీ ఆమె చేతి డబ్బే పడేది. పైగా ఆమె ఖాతాదారులలో చాలామందికి కొనేముందు ఆమెతో ఒక మాట మాట్లాడితే గాని తోచదు. "ఈసారి కారం కాస్త తగ్గించండి పిన్నిగారూ" అని చెప్పుకోవడానికి ఏ బుట్టలోనూ మీట ఉండదు.

అందుచేత రెండవసారి జాబితా సైటే చాలుననుకున్నాం. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఒరే, ఇందులో నేను నా చేత్తో మార్చగలిగేది ఏమిటి?" సైటు చేయించుకునే ప్రతివారూ అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. ఆరు పుటలు పెట్టాం. "ఈ వారం ఉన్నవి" అన్న పుట మాత్రం ఆమె ఫోనులోనుంచే మార్చుకుంటుంది. తక్కినవి ఏడాదికొకసారి ముట్టుకుంటే చాలు. ఆజ్ఞావళులూ, దత్తాంశ నిధులూ లేని సాదా హెచ్‌టీఎంఎల్ పుటలు పాతబడినా పాడు కావు, వాటిలోకి దొంగలు చొరబడే సందులూ తక్కువే. సైటుకు తాళం గుర్తు తెచ్చే భద్రతా పత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు ఇప్పుడు ఉచితంగానే ఇస్తున్నాయి. డబ్బు యూపీఐ ద్వారా, ఫోనులో మాట అయిన తరవాతే తీసుకుంటుంది.

రాత విషయంలో మరొక జాగ్రత్త. మన ఊళ్ళలో ధరల పట్టిక డీటీపీ కేంద్రంలో యూనికోడు కాని ఖతులతో కూర్చి, దానిని బొమ్మగా మార్చి సైటులో అతికిస్తారు. కంటికి తెలుగే. గాలింపు యంత్రానికి మాత్రం అది గోడ మీది మరక. ఎవరైనా "నువ్వుల నూనె ఆవకాయ" అని తెలుగులో వెతికితే ఆ పుట దొరకదు. యూనికోడులో 1991 నాటి తొలి కూర్పు నుంచీ తెలుగుకు చోటున్నది. ఇంకా బొమ్మలలో బంధించుకోవడం దేనికి? పిన్ని సైటులో ప్రతి పచ్చడి పేరూ తెలుగులో అక్షరాలా ఉంది, కింద ఆంగ్లంలోనూ ఉంది. విదేశాలలో పుట్టిన మనుమలు ఆంగ్లంలో వెతుకుతారు, వారికి డబ్బిచ్చే తాతలు తెలుగులో చదువుతారు.

చట్టం కూడా ఒకటుంది. జాలంలో అమ్మేవారు తమ పేరు, చిరునామా, ఫోను వంటి వివరాలతో పాటు ఫిర్యాదులు స్వీకరించే అధికారి పేరునూ సైటులో చూపాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. తినే సరుకైతే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఒకటుంటుంది. దాన్ని చీటీ మీద వేసి ఊరుకోక సైటులోనూ చూపితే, ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకు కొండంత ధైర్యం. ఫిర్యాదుల అధికారి ఎవరని రాయాలని అడిగితే పిన్ని, "నేనే, ఇంకెవరు?" అంది. అలాగే రాశాం.

ఈ కొత్త సైటు వలన వ్యాపారం పది రెట్లయిందని చెప్పబోవడం లేదు. కాలేదు కూడా. సాయంకాలపు ఫోన్లు తగ్గాయి. వచ్చే ఫోన్లలో "నూనె ఏది?" అన్న ప్రశ్న పోయి "రెండు కిలోలు పంపండి" అన్న మాట పెరిగింది. గత వేసవిలో ఆవకాయ అయిపోయిన రోజునే ఆ సంగతి సైటులో పెట్టింది కనుక ఎవరికీ డబ్బు తిప్పి పంపవలసిన అవసరం కలగలేదు. కొత్త చీటీలు అచ్చు వేయించేముందు మాత్రం పేరు నమోదు పత్రం కాగితం మీద తీయించుకుని, ఇంటి దస్తావేజులున్న ఇనప్పెట్టెలో పెట్టుకుంది. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకుంది. నాకు తెలిసిన ఏ సాంకేతిక నిపుణుడూ ఇంతకంటె భద్రమైన ఏర్పాటు చేయలేదు.

చదువుతున్నవారిలో చాలామందికి ఒక పుట నిలబెట్టడం గంట పని. మీ ఊళ్ళోనూ ఒక మగ్గం, ఒక పచ్చళ్ళ జాడీ, ఒక బొమ్మల చెక్కుడు ఇలాగే పరాయి అరుగు మీద కూర్చుని ఉండవచ్చు. ఒక ఆదివారం వెళ్ళి ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: "మీ సైటు పేరు ఎవరి పేరు మీద ఉంది?" సమాధానం వారికి తెలియకపోతే, అక్కడి నుంచే పని మొదలుపెట్టండి.