నుదుటి ఉప్పు

స్వేదమనగానే మనకు శ్రమ గుర్తుకు వస్తుంది. రోగం గుర్తుకు రాదు. వైద్యుడు అడిగితే రక్తమిస్తాము, మూత్రమిస్తాము. చెమటను మాత్రం రుమాలుతో తుడిచివేస్తాము. మా పెద్దక్క కుమారుని విషయంలో కనువిప్పు కలిగేవరకు మేమూ అంతే.

ఆ పసివానికి పుట్టిననాటి నుండి దగ్గు వదలలేదు. ఎంత తిన్నా ఒళ్లు చేయలేదు. ఒక వైద్యుడు న్యుమోనియా అన్నాడు. మరొకరు క్షయ అని ఆరు నెలలు మందులు మింగించారు. పెద్దక్క మాత్రం, "వీణ్ణి ముద్దు పెట్టుకుంటే పెదవులకు ఉప్పు తగులుతుందిరా" అంటూ ఉండేది. ఎండాకాలంలో ఎవరికి తగలదని మేము నవ్వాము. జీవశాస్త్రం చదివిన మేము, ఐదవ తరగతి దాటని ఆమెను చూసి నవ్వాము!

నుదురు ఉప్పగా ఉన్న బిడ్డ బ్రతకదని యూరప్ ఖండంలో పూర్వం అనుకొనేవారు. 1948లో న్యూయార్కు నగరంలో ఎండలు మండిపోయినప్పుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వ్యాధి గల పిల్లలు సొమ్మసిల్లి ఆస్పత్రికి రావడం డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్ గమనించారు. వారి చెమటలో ఉప్పు మితిమీరి ఉన్నదని 1953లో ప్రకటించారు. చెమట గ్రంథిలో పుట్టినప్పుడు ఎవరి చెమటైనా ఉప్పనే. చర్మం పైకి వచ్చే నాళంలో శరీరం ఆ ఉప్పును చాలవరకు తిరిగి పీల్చుకుంటుంది. ఈ వ్యాధి గలవారిలో క్లోరైడ్ వెనుకకు పోయే దారి పనిచేయదు. ఉప్పంతా బయటికే వస్తుంది.

చివరకు దూరపు నగరంలో మావానికి ఆ పరీక్ష చేయించాము. అది 1959లో గిబ్సన్, కుక్ అనే వారు రూపొందించిన పద్ధతి. ముంజేతిపై పైలోకార్పిన్ అనే మందు ఉంచి, ఐదు నిమిషాలు స్వల్ప విద్యుత్తు పంపి, అక్కడ పుట్టిన చెమటను అరగంట పాటు సేకరించారు. సూది లేదు, నెత్తురు లేదు. పిల్లవాడు బిస్కెట్టు తింటూ కూర్చున్నాడు. లీటరుకు 30 మిల్లీమోల్స్ లోపు క్లోరైడ్ ఉంటే వ్యాధి దాదాపు లేనట్లే; 60 గాని అంతకు మించి గాని ఉంటే ఉన్నట్లు. వానికి 104 వచ్చింది.

ఇప్పుడు అన్నంతో పాటు జీర్ణరసాల మందు ఇస్తున్నాము. వేసవిలో ఉప్పు ఎక్కువ వేయమని వైద్యుడే చెప్పారు. కొంచెం ఒళ్లు చేశాడు. పోయిన ఆరు నెలలు మాత్రం పోయినవే. పెద్దక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కఫం వదలడానికి ఉదయం, సాయంత్రం వాని వీపు తట్టే పని మాకు అప్పగించింది.