కోర్టు క్లర్కుకీ ఓటేయాలా?

కోర్టు క్లర్కుకి ఎన్నికలేమిటని ముక్కున వేలేసుకోకండి. అమెరికాలో రాష్ట్రాలకి కూడా సుప్రీంకోర్టులుంటాయి, మన హైకోర్టుల్లాగన్నమాట. మోంటానా రాష్ట్రంలో ఆ కోర్టు క్లర్కుని ప్రజలే ఎన్నుకుంటారు. రాష్ట్రమంతా ఓటేసి ఇలా ఎన్నుకునేది ఇప్పుడు అక్కడొక్కచోటే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అంత నేల లేదు. జనం మాత్రం సుమారు 11 లక్షలే!

మా చెల్లెలి కూతురు అక్కడే ఉంటోంది. పౌరసత్వం వచ్చాక 2024లో మొదటిసారి ఓటేసింది. ఓటు కాగితం పోస్టులో ఇంటికే వచ్చిందట.

"వంటింట్లో బల్ల మీద పెట్టుకుని నింపాను పెద్దమ్మా. పైన ప్రెసిడెంటు. కిందికొచ్చేసరికి క్లర్కట! ఎవరో ఏమిటో తెలీదు, ఖాళీగా వదిలేశాను" అంది ఫోన్లో నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మా మేనత్త గుర్తొచ్చింది. మామయ్య పోయాక పొలంలో వాటా కోసం దావా వేసి గెలిచింది. తీర్పు నకలు కోసం అర్జీ పెడితే "కట్ట కనబడటం లేదమ్మా, సోమవారం రండి" అన్నారు. అలాంటి సోమవారాలు ఏడు నెలలు గడిచాయి. చేతిలో కాగితం లేదని మరుదులు కౌలు డబ్బు ఇవ్వలేదు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఇల్లు నడిపింది పాపం. జడ్జిగారు న్యాయం చేశారు. ఆ న్యాయం ఏ బీరువాలో ఉందో చెప్పే మనిషే లేడు!

మోంటానా క్లర్కు చూసేది సరిగ్గా ఆ బీరువానే. అప్పీలు కాగితాలు తీసుకోవడం, భద్రపరచడం, లాయర్ల పేర్ల పట్టీ చూసుకోవడం ఆ ఆఫీసు పని. పదవి ఆరేళ్లు. చిత్రమేమిటంటే, అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలనీ ప్రజలే ఎన్నుకుంటారు, కానీ ఓటు కాగితం మీద వాళ్లకి పార్టీ ఉండదు. క్లర్కుకి ఉంటుంది! 30 ఏళ్లు చేసిన ఎడ్ స్మిత్ తప్పుకున్నాక, 2018లో ఆ ఆఫీసులోనే డిప్యూటీగా ఉన్న రెక్స్ రెంక్ డెమొక్రాట్‌గా నిలబడ్డారు. రిపబ్లికన్ పార్టీ బోవెన్ గ్రీన్‌వుడ్ గెలిచారు. 2024లోనూ ఆయనే. ఇద్దరిలో ఎవరు మేలన్నది నా తగువు కాదు. కట్టలు సర్దే మనిషికి పార్టీతో పనేమిటన్నదే నా ప్రశ్న.

"అయితే ఎన్నికే వద్దంటావా? మీ దగ్గర నియమించినవాళ్లే కదా కట్ట పోగొట్టింది!" అని అడిగింది మా పిల్ల. నిజమే. మా మేనత్త ఎవరినీ నిలదీయలేకపోయింది. అర్జీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడటమే ఆవిడ చేతనయింది. మోంటానాలో ఆవిడలాంటి మనిషి చేతిలో ఆరేళ్లకోసారైనా ఒక చీటీ ఉంటుంది. పార్టీ పేరు చూసి వేసినా, ఖాళీగా వదిలేసినా ఆ చీటీకి బలం పోతుంది.

అమెరికా అంతటా ఆడవాళ్లకి ఓటు హక్కు రాజ్యాంగంలో చేరింది 1920లో. మోంటానా ఆడవాళ్లు 1914లోనే సంపాదించుకున్నారు. రెండేళ్లకే జెన్నెట్ రాంకిన్ అనే ఆవిడని పార్లమెంటుకి పంపారు. ఆ దేశంలో అలా గెలిచిన మొదటి మహిళ ఆవిడే. అటువంటి చోట ఉంటూ కాగితం అడుగు దాకా చదవకపోతే ఎలాగే?

ఈ పదవికి మళ్లీ ఓటు 2030లో. "ఆ ఆఫీసులో ఒక కాగితానికి నకలు అడిగితే ఎన్నాళ్లకిస్తారో ఈలోగా కనుక్కో" అని చెప్పాను మా పిల్లకి.