హునర్ ఎంత, సహారా ఎంత?

2018 జనవరి 8. అమెరికాలోని అట్లాంటా. కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్లో అలబామా, జార్జియా యూనివర్సిటీలు తలపడ్డాయి. సగం ఆట ముగిసేసరికి స్కోరు 13-0, వెనకబడింది అలబామా. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ ఎనిమిదిసార్లు బంతి విసిరితే మనవాళ్ల చేతికి అందినవి మూడే. కోచ్ నిక్ సేబన్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, టువా టాగోవైలోవా అనే మొదటి ఏడాది కుర్రాణ్ణి దించాడు. అలబామా 26-23తో గెలిచింది.

హర్ట్స్‌కి హునర్ లేదా? సహారా దొరకలేదా?

ఈ ప్రశ్న మీద మొన్న బక్రీద్ మర్నాడు మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎత్తేశాక కూడా బహస్ ఆగలేదు. హ్యూస్టన్ నుంచి సెలవుకొచ్చిన పెద్ద భాంజా ఒకవైపు, వాళ్ల అబ్బా, అంటే మా దుల్హేభాయ్, మరోవైపు. హర్ట్స్‌ది హ్యూస్టన్ పక్కనే ఉన్న చానెల్‌వ్యూ. హైస్కూల్లో అతని కోచ్ సొంత తండ్రే. అందుకే మావాడికి హర్ట్స్ అంటే తన మొహల్లా పిల్లాడంత ముహబ్బత్.

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. వాళ్లది చేత్తో విసిరేది, భుజాలతో గుద్దుకునేది. క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి వచ్చాక అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. అవతలి పహిల్వాన్లు మీద పడేలోపు ఎవరికి విసరాలో ఫైసలా చేసుకోవాలి. ఆ రెండు మూడు సెకన్లు అతను సొంతంగా సంపాదించుకునేవి కావు. ముందు నిలబడిన ఐదుగురు దీవార్‌లా ఆపితేనే వస్తాయి. విసిరాక పట్టేవాడు సరైన చోటుకి పరిగెత్తాలి. ఏ ఎత్తు వేయాలో చెప్పే కోచ్ వేరే ఉంటాడు. ఇంతమంది చేతుల్లో ఉన్న పని చెడిపోతే ఇల్జామ్ మాత్రం ఒక్కడి మీదే.

భాంజా అదే అన్నాడు. దుల్హేభాయ్ నవ్వారు. ఆయన నలభై ఏళ్లుగా బట్టల వ్యాపారంలో ఉన్న మనిషి, లెక్క తేల్చకుండా లేవరు. "అదే దీవార్, అదే కోచ్, అదే రాత్రి. ఒకడు సున్నా కొట్టాడు, ఇంకొకడు కప్పు తెచ్చాడు. ఇంతకన్నా సబూత్ ఏం కావాలి బేటా?" (ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే, మీ కోసం తెలుగులో రాస్తున్నా.)

నిజం చెప్పాలంటే అది గట్టి దలీల్. మిగతావన్నీ ఒకటే ఉంచి మనిషిని మాత్రం మార్చి చూడటం కన్నా మంచి పరీక్ష ఏముంటుంది?

కానీ కథ అక్కడ ఆగలేదు. అదే ఏడాది డిసెంబర్, అదే స్టేడియం, అదే జార్జియా. ఈసారి టువాకి చీలమండ దెబ్బతింది. చివరి పావు ఆటలో ఏడు పాయింట్లు వెనకబడి ఉండగా హర్ట్స్ దిగాడు. ఒక బంతి విసిరి స్కోరు సమం చేశాడు. తర్వాత తానే బంతి పట్టుకుని గీత దాటాడు. 35-28. జనవరిలో లేని హునర్ డిసెంబర్‌కి ఆస్మాన్ నుంచి ఊడిపడిందా?

ఇక్కడ భాంజా చెప్పిన ఇంకో సంగతి నాకు ముఖ్యం అనిపించింది. మొదటి ఏడాది ఫైనల్‌కి వారం ముందు హర్ట్స్‌కి ఎత్తులు చెప్పే కోచ్ వెళ్లిపోయాడు. ఆ ఒక్క మ్యాచ్‌కి ఇంకొకరు. మరుసటి ఏడాది మూడో మనిషి. ఆ తర్వాత నాలుగో మనిషి. మూడు సీజన్లలో నలుగురు ఉస్తాద్‌లు, నలుగురివీ నాలుగు జుబాన్లు. బయటి నుంచి చూస్తే జట్టు అదే, పేరు అదే, జెండా అదే.

హర్ట్స్ 2019లో ఓక్లహోమాకి మారాడు. అక్కడి కోచ్ లింకన్ రైలీ అతని కాళ్లనూ చేతులనూ రెండిటినీ వాడుకున్నాడు. కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్ద ఇనామ్ హైజ్‌మన్ ట్రోఫీకి ఆ ఏడాది రెండో స్థానంలో నిలిచాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే.

హర్ట్స్‌ని దాటి ఆ హైజ్‌మన్ గెలిచింది జో బరో. అతని సంగతి ఇంకా తమాషా. ఒహాయో స్టేట్‌లో ఛాన్సు దొరక్క లూయిజియానా స్టేట్‌కి వెళ్లాడు. 2018లో అతను విసిరిన టచ్‌డౌన్లు 16. 2019లో 60! మనిషి అదే, చెయ్యి అదే. మారింది జో బ్రేడీ అనే కొత్త కోచ్, అతను తెచ్చిన ఆట తీరు, పట్టేవాళ్లు ఒక ఏడాది ముదరడం.

హునర్ ఊరికే పుట్టుకొస్తుందని నేననను. బ్రేడీ వచ్చి నాకు నేర్పితే నేను అరవై కాదు, ఆరు కూడా విసరలేను. సహారా కేవలం లోపలున్నదాన్ని కనిపించేలా చేస్తుంది. మన సిరాజ్‌ని చూడండి. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రికి పుట్టినవాడు. 2019 ఐపీఎల్‌లో బాగా ఆడలేకపోతే జనం వెళ్లి ఆటో నడుపుకో అన్నారని తనే చెప్పుకున్నాడు. బెంగళూరు జట్టు, కెప్టెన్ కోహ్లీ అతన్ని వదులుకోలేదు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూలగొట్టినవాడు అతనే.

ఇంతకీ ఆ రోజు బహస్ హర్ట్స్ గురించి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. మూలన ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్న చిన్న భాంజా గురించి. వాడు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. సప్లిమెంటరీలోనూ తప్పాడు. సోమవారం నుంచి బైక్ మెకానిక్ షాపులో పెడతానని దుల్హేభాయ్ మాట ఇచ్చేసి వచ్చారు. "ఒకే ఇల్లు, ఒకే బడి, ఒకే అమ్మ చేతి అన్నం. ఒకడు హ్యూస్టన్‌లో, ఒకడు ఇలా. ఇంకా సహారా సహారా అంటే ఎలా?"

"ఒకే బడా అబ్బా?" అన్నాడు పెద్దవాడు. "నాకు మూడేళ్లు ఒకే లెక్కల సార్. వీడికి తొమ్మిదిలో అసలు సారే లేడు. పదిలో సగం ఏడాది ఉర్దూ టీచరమ్మే లెక్కల పుస్తకం చదివి వినిపించింది."

ఎవరూ మాట్లాడలేదు. ఆపా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఉర్దూ మీడియం చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాడిగా నాకు ఆ మాట నేరుగా తగిలింది. మొదటి నెలల్లో ఛందస్సు క్లాసులో కూర్చుంటే లఘువేదో గురువేదో తెలిసేది కాదు. వీడికి తెలుగెందుకు అని వెనక బెంచీ నవ్వేది. లెక్చరర్ ఒకాయన గజల్‌లో కాఫియా తెలుసు కదా అని అడిగారు. కాఫియా వరస చివర్లో మోగుతుంది, మా ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర మోగుతుంది, అంతే తేడా అన్నారు. తలుపు అటు నుంచి తెరుచుకుంది. ఆయన నా ఇంటి తాళం చెవితోనే తన ఇల్లు తెరిచి చూపించారు. అందరికీ చెప్పిన పాఠమే నాకూ చెప్పి ఉంటే, ఒకే క్లాసు, ఒకే పుస్తకం, వీడికి రాలేదు అని ఎవరైనా ఫైసలా చేసేవాళ్లే. అందుకే "ఒకే" అన్న మాట వినగానే నాకు షక్ వస్తుంది.

మెకానిక్ పని తక్కువదని కాదు. మా మొహల్లాలో ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే ఉస్తాద్‌లున్నారు, వాళ్ల ముందు నా డిగ్రీ ఏపాటిది! ఇష్టపడి వెళ్లడం వేరు, దిమాగ్ లేదని ముద్ర వేసి పంపడం వేరు.

రెండు రోజుల తర్వాత దుల్హేభాయ్ ఫోన్ చేసి, సలాం దువా అయ్యాక, "ఆ రిటైరైన లెక్కల సార్ నెలకి ఎంత తీసుకుంటాడు?" అన్నారు. పెద్దవాడు పంపుతాడులెండి అన్నాను. "వాడి డాలర్లు నాకెందుకు మియా" అని పెట్టేశారు. ఇప్పుడు చిన్నవాడు పొద్దున షాపుకీ, మగ్రిబ్ తర్వాత ట్యూషన్‌కీ వెళ్తున్నాడు. షాపుకి నడిచి వెళ్తాడు. ట్యూషన్‌కి మాత్రం దుల్హేభాయ్ బండి మీద దింపి, ఇషా దాకా ఆ గల్లీలోనే కూర్చుంటున్నారట. సార్ రోజూ వస్తున్నాడో లేదో చూడాలి కదా అంటారు.