బండలాగుడు పందెం

పిల్లలూ! శివరాత్రినాడు గుంటూరు సీమ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆ దారినే నడిచి ఎడ్ల పందేనికి వెళ్ళాం.

మోటారుసైకిళ్ళ పందెంలో ముందు చేరినవాడిదే గెలుపు. ఇక్కడ అలా కాదు. పళ్ళు చూసి ఎడ్ల వయసు తేలుస్తారు. వయసుకు తగ్గ బండ కడతారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు.

తెల్లని మేను, ఎత్తయిన మూపురం, ఒంగోలు గిత్తల అందమే అందం! ఈ జాతి బ్రెజిల్ దేశం చేరి, నెల్లూరు పేరుతో కోట్లుగా వృద్ధిచెందింది. ఇక్కడ మాత్రం ట్రాక్టర్లు వచ్చాక అరకకు ఎడ్లు తగ్గాయి. ఈ పందేలవల్లనే కొందరు రైతులు ఇంకా గిత్తలను మేపుతున్నారు.

కాని, యంత్రానికి నొప్పి తెలియదు; ఎద్దుకు తెలుసు. పందెం చూసేటప్పుడు దూరంతోపాటు చెర్నాకోల దెబ్బలు కూడా లెక్కపెట్టండి. దెబ్బ వేయకుండా లాగించినవాడే నిజమైన రైతు.