సిగార్లు మగ్గే గది

చుట్టిన తర్వాత కూడా పొగాకు ఊరుకోదు. లోపల మెల్లగా పులుస్తూనే ఉంటుంది. కొత్త సిగార్‌లో ముక్కును గుచ్చే అమ్మోనియా ఘాటు నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది, కొన్నేళ్లకు రుచి మెత్తబడుతుంది. మామిడికాయలు మగ్గడానికి గడ్డి చాలు. సిగార్లకు మాత్రం 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల చల్లదనం నిలకడగా ఉండాలి. మేలో మాడిపోయి ఆగస్టులో చెమ్మగిల్లే హైదరాబాద్‌లో ఇది చిన్న కోరిక కాదు. అందుకే అక్కడి విశ్రాంత ఇంజినీరు ఒకరు ఎండాకాలంలో ముందు సిగార్ల గదికే ఏసీ వేస్తారు. దీనిపై ఆయన భార్య ఫిర్యాదు న్యాయమైనదే.

పెట్టె స్పానిష్ సెడార్ చెక్కది. పేరే తప్ప అది స్పెయిన్‌దీ కాదు, దేవదారూ కాదు. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో పెరిగే, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. తేమను పీల్చుకుని, గాలి పొడిబారితే వదులుతుంది. తేమను కొలిచే మీటరును మాత్రం ఇంజినీరు గారు గుడ్డిగా నమ్మరు. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేటన్ని నీళ్లు చిలకరించి, మీటరుతోపాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచుతారు. ముల్లు 75 దగ్గర నిలవాలి. నిలవకపోతే ఆ తేడాను లెక్కలో కలుపుకుంటారు.

అసలు శత్రువు పురుగు. పసుపు కొమ్ములనూ ఎండుమిర్చినీ తొలిచే చిన్న పెంకుపురుగే పొగాకునూ తింటుంది. వేడి 25 డిగ్రీలు దాటితే దానికి పండగే. ఒక వేసవిలో ఆయన ఊరెళ్లి వచ్చేసరికి కొన్ని సిగార్లకు సూదితో పొడిచినట్టు రంధ్రాలు. మిగిలినవాటిని సంచిలో బిగించి మూడు రోజులు డీప్‌ఫ్రీజర్‌లో, మరో రోజు ఫ్రిజ్‌లో ఉంచాకే బయటికి తీశారు. తొందరపడితే పై ఆకు చిట్లుతుంది. లంక పొగాకు చుట్టను చూరులో దోపుకున్న ఆయన తాతకు ఈ తంటాలేవీ లేవు.

గుండెకు స్టెంట్ పడ్డాక డాక్టర్ పొగ మానమన్నారు. మగ్గితే ఘాటు తగ్గుతుంది కానీ నోటి క్యాన్సర్ ముప్పు, నికోటిన్ ఎక్కడికీ పోవు. ఆ సంగతి తెలిసినవాడే గనుక మానేశారు. పెట్టెను మాత్రం వదల్లేదు. రోజూ మీటరు చూస్తారు, నెలకోసారి పై వరుసను కిందికి మారుస్తారు. ఒక అర మీద పెన్సిల్‌తో 2031 అని రాసి ఉంది, అప్పటికి మగ్గుతాయని. కొడుక్కి పొగ వాసనే గిట్టదు. అమ్మే ఉద్దేశమూ లేదట.