బెర్త్ కింద పది అంగుళాలు

నేను వెళ్లేసరికి లారీ తల వంచుకుని నిలబడి ఉంది. క్యాబిన్‌ను ముందుకు లేపి పెట్టారు. కింద ఇంజను, పక్కన ఛాసిస్ మీద రెండు బ్యాటరీలు ఎండకు బయటపడ్డాయి. షెడ్డులో మేస్త్రీ చెక్కబల్ల మీద పది అంగుళాల ఊఫర్‌ను వెల్లకిలా పెట్టి, గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. సెల్లుకు అంటించిన రెండు తీగల్ని ఊఫర్ ప్లస్‌కీ మైనస్‌కీ తాకించగానే నల్లటి కోను 'టప్'మని పైకి లేచింది. తీగలు తీయగానే దిగిపోయింది.

"పైకి లేసింది గద సార్, అంటే తీగలు సరిగున్నయ్. లోపటికి పోయిందంటే ప్లస్ మైనస్ మారినట్టు. అట్ల బిగిస్తే డోర్ల స్పీకర్లు ముందుకు కొడ్తుంటే ఇది ఎన్కకు గుంజుతది. ఎన్ని పైసలు పెట్టినా బేస్ సగం సచ్చిపోతది" అన్నాడు.

ఇస్నాపూర్ చౌరస్తా దాటి రుద్రారం వైపు వెళ్తుంటే హైవే పక్కన ఉన్న రేకుల షెడ్డు అది. పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి అయినా, పాతవాళ్ల నోట ఇప్పటికీ బొంబాయి రోడ్డే. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి కలుస్తుంది. సంగారెడ్డి దగ్గర నాందేడ్, అకోలా వైపు 161వ నంబరు రోడ్డు చీలుతుంది. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల సరుకు, సదాశివపేట టైర్లు, జహీరాబాద్ ట్రాక్టర్లు ఈ దారుల మీదుగానే ఊళ్లకు చేరతాయి. లోడు దొరికేదాకా, గేటు పాసు చేతికొచ్చేదాకా లారీలు గంటల తరబడి ఆగుతాయి. ఆగిన ఆ గంటల్లోనే డ్రైవర్లు ఇలాంటి షెడ్ల గడప తొక్కుతారు.

నన్ను ఇక్కడికి రప్పించింది మా చిన్నమామ చెవి. ఆయన పాతికేళ్లు ఈ రోడ్డు మీదే లారీ తోలాడు. సీటు వెనక రెండు పెద్ద స్పీకర్లు, ముందు క్యాసెట్ల టేపు. ఇవాళ కుడివైపు నిలబడి పిలిస్తే పలకడు. పాతికేళ్లు కిటికీకి ఆనుకుని ఉన్న చెవి అది. "పాట లేకుంటే బండి నడవదురా" అని ఇప్పటికీ అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు. భార్యాపిల్లలకు వందల కిలోమీటర్ల దూరంలో, రాత్రి రెండింటికి, ఖాళీ రోడ్డు మీద మనిషికి తోడుండేది పాటే. పాటా దక్కాలి, చెవీ దక్కాలి. రెండూ ఒక్క క్యాబిన్‌లో కుదురుతాయా అన్నది నా ప్రశ్న.

ఈ లారీ డ్రైవర్‌ది జహీరాబాద్ దగ్గర పల్లె. పాతికేళ్లు దాటినట్టు లేడు. స్నేహితుడి బండిలో చూసి, తనకూ పదిహేను అంగుళాల ఊఫర్లు రెండు కావాలని వచ్చాడట. మేస్త్రీ ధర చెప్పలేదు, మూడు ప్రశ్నలు వేశాడు. "తమ్మీ, బండి ఆపి ఇంటవా, నడుపుకుంట ఇంటవా? అద్దాలు తీస్తవా, మూస్తవా? రాత్రి నువ్వు, క్లీనర్ యాడ పంటరు?"

మూడో ప్రశ్న దగ్గర లెక్క తేలిపోయింది. పదిహేను అంగుళాల ఊఫర్‌కు తగిన పెట్టెలు రెండు పెడితే బెర్త్ మీద సగం చోటు పోతుంది. దానితో పాటు నిద్రా పోతుంది. నిద్ర చాలని డ్రైవర్‌ను ఏ బేసూ మేల్కొలపదు. బెర్త్ కింద పట్టేది సన్నపాటి పది అంగుళాల ఊఫర్ ఒక్కటే. దానికే ఇద్దరూ ఒప్పుకున్నారు.

డ్రైవర్లు బేస్ కోసం ఎందుకంత తపిస్తారో అర్థమైంది క్యాబిన్ దించి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు మూడు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 600 చుట్ల మీద బండి నిలబడి ఉంటే సెకనుకు 30 దెబ్బలు. రోడ్డెక్కి 1500 చుట్లకు చేరితే 75. సబ్ ఊఫర్ పలికే చోటు కూడా సరిగ్గా అదే, సుమారు 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా. అంటే డోలు దెబ్బ కూర్చోవాల్సిన పీట మీద ఇంజను ముందే వచ్చి కూర్చుంది. డోర్లలోని చిన్న స్పీకర్లు ఆ పీట దగ్గరికి కూడా పోలేవు. పాటకు అడుగు లేదనిపించి డ్రైవర్ వాల్యూమ్ పెంచుతాడు. పెరిగేది అడుగు కాదు, చెవిలో గుచ్చుకునే పైస్వరాలు. చిన్నమామ చేసిందీ అదే. టేపు మీద వాల్యూమ్ గుండీ చివరిదాకా తిప్పి ఉండటం చిన్నప్పుడు నేను చూశాను.

అందుకే మేస్త్రీ మాట నాకు కొత్తగా వినిపించింది. "బేస్ మంచిగ కుదిరితే సౌండ్ తక్కువ పెట్టుకోని ఇనొచ్చు సార్. ఊఫర్ పెట్టేది అందుకే."

క్యాబిన్ చిన్నది కావడం ఇక్కడ కలిసొస్తుంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. క్యాబిన్ వెడల్పు అందులో మూడో వంతు కూడా ఉండదు. తరంగం పరుచుకోవడానికి చోటు లేక, లోపలి గాలంతా ఒక్కసారిగా బిగిసి సడలుతుంది. మూసిన క్యాబిన్‌లో చిన్న ఊఫర్ కూడా దిట్టంగా పలికేది అందువల్లే. అద్దం దించితే ఆ బలం బయటికి జారిపోతుంది. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే సరుకు లారీల్లో, 2025 అక్టోబరు 1 నుంచి తయారైన వాటికి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అద్దాలు మూసుకుని నడిపే బండికి పెద్ద ఊఫర్ల అవసరం ఇంకా తగ్గుతుంది.

అట్టపెట్టెల మీద రాసే వాట్లను నమ్మొద్దని చెప్పి మేస్త్రీ ఒక చిట్కా చూపించాడు. వెయ్యి వాట్లని రంగురంగుల అక్షరాలున్న యాంప్లిఫయర్‌ను తిప్పి వెనక ఫ్యూజు చూపించాడు. 30 ఆంపియర్లు. దాన్ని 12 వోల్టులతో గుణిస్తే 360. అందులో వేడిగా పోయేది పోగా, మంచి డిజిటల్ యాంప్ అయినా మిగిలేది అంతకంటే తక్కువే. "ఫ్యూజ్ అబద్ధం చెప్పదు" అన్నాడు. అట్ట మీద చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల బలం. ఊఫర్ మోయగల ఆర్‌ఎంఎస్, యాంప్ ఇచ్చే ఆర్‌ఎంఎస్ దగ్గర దగ్గరగా ఉండాలి.

అసలు కష్టం కరెంటు దగ్గర మొదలవుతుంది. కారులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే. పెద్ద లారీలో అలాంటివి రెండు వరసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. బజారులో దొరికే ఆడియో సామాను ఎక్కువగా 12 వోల్టులది. చాలామంది రెండు బ్యాటరీల మధ్య నుంచి ఒక తీగ లాగి, ఒక్కదాని నుంచే కరెంటు తీసుకుంటారు. ఆ రోజుకు పాట బాగానే వస్తుంది. కానీ చార్జింగ్ కరెంటు రెండు బ్యాటరీల గుండా ఒక్కలాగే పారుతుంది. పాటకు వాడిన దానికి ఆ తిండి చాలదు, వాడని దానికి అదే తిండి ఎక్కువ. ఒకటి ఎండిపోతుంది, ఇంకోటి ఉడికిపోయి నీళ్లు ఆవిరవుతాయి. షెడ్డు మూలన అలా పోయిన జత ఒకటి పడి ఉంది. అందులో ఒకదాని పక్క గోడ చేతికి తగిలేంతగా ఉబ్బి ఉంది. లోడు కోసం ఆగి, ఇంజను ఆపి, సాయంత్రం దాకా పాటలు విన్న బండి రాత్రి స్టార్ట్ కాకపోతే పోయేది బ్యాటరీ ఒక్కటే కాదు, ఆ రోజు కిరాయి కూడా.

ఈ బండికి 24ను 12కు దించే కన్వర్టర్ పెట్టాడు. అది రెండు బ్యాటరీల మీదా భారం సమానంగా వేస్తుంది. యాంప్ నిండా పలికితే 30 ఆంపియర్లు అడుగుతుంది కాబట్టి 40 ఆంపియర్లది ఎంచుకున్నాడు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు బిగించాడు. తీగ మధ్యలో ఎక్కడ ఒరుసుకుని ఛాసిస్‌ను తాకినా ముందు ఫ్యూజు పోవాలి, మంట రాకూడదు.

తీగ దారి చూడటానికే క్యాబిన్‌ను మళ్లీ లేపించాడు. కారు ఆడియో బిగించేవాళ్లకు తట్టని సంగతి ఇది. బ్యాటరీలు ఛాసిస్ మీద ఉంటాయి, యాంప్ క్యాబిన్‌లో ఉంటుంది. రిపేరుకు క్యాబిన్ లేపిన ప్రతిసారీ ఆ రెంటి మధ్య దూరం మారుతుంది. తీగను బిగువుగా లాగితే మొదటిసారి లేపినప్పుడే తెగుతుంది. వదులుగా వేలాడదీస్తే ఇంజను మీద పడి కాలుతుంది. కంపెనీ వైరింగ్ వెళ్లే దారినే, క్యాబిన్ మడత దగ్గర మూరెడు మిగులు ఉంచి, మడతలున్న ప్లాస్టిక్ గొట్టంలో నడిపించాడు. రేకుకు రంధ్రం ఉన్నచోట రబ్బరు బుష్ వేశాడు. క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దాని రేకును ఎర్త్‌గా నమ్ముకోలేదు. మైనస్ తీగను కూడా బ్యాటరీ దాకా తీసుకెళ్లాడు. క్యాబిన్‌ను ఒకసారి దించి, లేపి, మళ్లీ దించి, ప్రతిసారీ ఆ మూరెడు తీగ ఎటు కదులుతుందో వంగి చూశాడు.

పెట్టె ముందురోజే సిద్ధమైంది. పూర్తిగా మూసిన పెట్టె. గాలిగొట్టం ఉన్న పెట్టె ఇంకా గట్టిగా మోగుతుంది కానీ చోటు ఎక్కువ తింటుంది. ఇక్కడున్న చోటుకు మూసినదే తగినది, దెబ్బ కూడా తేటగా పడుతుంది. లోపలి కొలత 24 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 5 లోతు. గుణిస్తే 1440 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగుకు 1728 కాబట్టి ముప్పాతిక అడుగు దాటి కాస్త. ఈ ఊఫర్ కాగితం మీద అడిగిందీ దాదాపు అంతే. చెక్క 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. ఎండీఎఫ్ చవకే గానీ, క్యాబిన్ కడిగిన నీళ్లు నాలుగుసార్లు తగిలితే ఉబ్బుతుంది.

అతుకులు పరీక్షించిన తీరు మాత్రం నేను ఎన్నడూ చూడనిది. డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం దగ్గరున్న ప్యాకెట్‌లోంచి ఒక అగరుబత్తి తీసి వెలిగించాడు. ఊఫర్ తక్కువ స్వరంతో మోగుతుండగా పుల్లను పెట్టె అంచుల వెంట నెమ్మదిగా నడిపించాడు. పొగ నిటారుగా లేస్తూ వచ్చి, ఎడమ కింది మూల దగ్గర ఒక్కసారిగా వణికింది. అక్కడ కంటికి కనపడని సందు ఉంది. సిలికాన్ పూసి, ఆరేదాకా టీ తాగి, మళ్లీ పుల్ల పట్టాడు. ఈసారి పొగ కదల్లేదు.

పెట్టెను బెర్త్ కింద, ముఖం డ్రైవర్ సీటు వైపు ఉండేలా పెట్టి, నాలుగు ఎల్ క్లాంపులతో నేలకు బోల్టులు బిగించాడు. గట్టిగా బ్రేకు పడితే అంత బరువున్న పెట్టె ఎగిరివచ్చి నడుముకు తగులుతుంది. క్యాబిన్ లేపితే ముందద్దం మీద పడుతుంది. ఇంత మేలైన పనిలో ఖర్చు తక్కువైనదీ, ప్రాణానికి ముఖ్యమైనదీ ఆ నాలుగు క్లాంపులే.

తర్వాత ఫోన్‌లో ఒకే స్వరం పెట్టి 30 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ పోయాడు. 52 దగ్గర క్యాబిన్‌లో ఏదో గలగలలాడింది. అరచేత్తో డోరు పట్టీ నొక్కాడు, పైకప్పు నొక్కాడు, ఆగలేదు. చివరికి అది సీటు పక్కనున్న డ్రైవర్ టిఫిన్ గిన్నె. దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాక డోరు రేకు మోత బయటపడింది. డోరు లోపల తారులా అంటుకునే బరువు షీటు అతికించాక అదీ అణిగింది. ఊఫర్‌కు పోయే స్వరాలను 80 హెర్ట్జ్ దగ్గర కోశాడు. యాంప్ మీది గెయిన్‌ను డ్రైవర్ వాల్యూమ్‌లాగా పెంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. స్టీరియో డెక్ సౌండు ముప్పాతిక దాకా పెట్టి, గెయిన్ పెంచుతూ, పాట గరగరలాడడం మొదలైన చోటు నుంచి కొంచెం వెనక్కి తెచ్చాడు. గరగరలోనే ఊఫర్ లోపలి వాయిస్ కాయిల్ కాలేది.

చెవుల లెక్క నేను చెప్పాను. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటల దాకా చెవి తట్టుకుంటుందని నిపుణుల లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా రోజుకు 8 గంటల పనే అనేది. డ్రైవర్ నవ్వి ఊరుకున్నాడు. "నిన్న పద్నాలుగు గంటలు తోలిన సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఆ గంటలు తగ్గించే బాధ్యత షెడ్డుది కాదు, బండి యజమానులది, లోడు తొందరపెట్టే కంపెనీలది. మేస్త్రీ చేతిలో ఉన్నది మాత్రం అతను చేశాడు.

చివరి పరీక్ష అదే. డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజను స్టార్ట్ చేయించి, అద్దాలు మూయించి, నచ్చిన పాట నచ్చినంత సౌండుతో పెట్టుకోమన్నాడు. తను స్కూటీ తీసుకుని లారీ వెనక్కి పోయాడు. హారన్ వినబడితే పక్క అద్దంలో కనపడేలా చెయ్యెత్తాలి. హారన్ కొట్టాడు. చెయ్యి లేవలేదు. ఇంకోసారి కొట్టాడు, లేవలేదు. ముందుకొచ్చి తలుపు తట్టి, "ఎంతల పెట్టినవ్?" అని అడిగాడు. డెక్ మీద అంకె 26. "నాలుగు తగ్గించు." 22లో మళ్లీ కొట్టాడు. లేవలేదు. 19 దగ్గర డ్రైవర్ చెయ్యి పైకి లేచింది.

"బేస్ తగ్గిందా తమ్మీ?"

డ్రైవర్ ఒక నిమిషం విన్నాడు. బెర్త్ కింద డోలు దెబ్బ పడుతూనే ఉంది. తన వెన్నుకు తగులుతోందన్నట్టు సీటుకు ఆనుకున్నాడు. "లేదన్నా. ఉంది."

మేస్త్రీ తెల్ల టేపు ముక్క కోసి, దాని మీద పెన్నుతో 19 అని రాసి డెక్ పక్కన అతికించాడు. నేను బయటికొచ్చి చిన్నమామకు ఫోన్ చేశాను. రెండోసారి చెప్పినప్పుడు విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిలగానికి చెప్పు, టేపు ముక్క ఊడిపోకుండ చూసుకోమను" అన్నాడు.