ఫొటో ఎవరిది?

ఫొటోగ్రఫీ కళా, శాస్త్రమా? రసాయనశాస్త్రం చదివేవాడిని కాబట్టి శాస్త్రమనే అంటాను. వెలుగు తగిలిన సిల్వర్ బ్రోమైడ్ డెవలపర్‌లో నల్లని వెండిగా మారుతుంది. వెలుగు తగలని లవణాన్ని హైపో కరిగించి తీసేస్తుంది. ఇంతే! ఈనాడు ఫిల్ము స్థానంలో సెల్‌ఫోన్ వచ్చినా, మనిషి మీద పడి తిరిగివచ్చిన వెలుగే బొమ్మ అవుతోంది. అందుకే కాబోలు, ఫొటో అబద్ధమాడదని మనకొక నమ్మకం.

కాని మిత్రులారా, నన్ను వేధించే ప్రశ్న వేరు. ఆ బొమ్మ ఎవరిది? తీసినవారిదా, నిలబడినవారిదా?

1936లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, నిపోమో దగ్గర, డొరోథియా లాంగ్ అనే ఆవిడ ఒక కూలి తల్లి ఫొటో తీసింది. గడ్డకట్టే చలికి బఠాణీ పంట నాశనమై, కోతకు వచ్చినవాళ్లకు పని లేకుండా పోయిన రోజులు. దవడ దగ్గర చెయ్యి, ఒళ్లో చంటిబిడ్డ, చెరో భుజం మీద వాలి ముఖం తిప్పుకున్న ఇద్దరు పిల్లలు. ఆ ఫొటోలు పత్రికకెక్కాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కణ్ణించి వెళ్లిపోయింది! లాంగ్ ఆమె పేరైనా అడగలేదట. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్లకు. ఆ ఫొటో వల్ల తనకు దమ్మిడీ రాలేదని ఆమె వాపోయింది. అలాగని లాంగ్‌ను తప్పుపట్టలేను. ఆ ఫొటోయే లేకపోతే ఆ కూలీల ఆకలి నాదాకా వచ్చేదా?

మా ఇంట్లో తాతయ్య ఫొటో ఒక్కటే ఉంది, స్టూడియోలో తీయించుకున్నది. వెనక తెర మీద మేడమెట్లు, పూలకుండీలు. తాతయ్య కోటు తొడుక్కుని, గడియారం పెట్టుకుని దొరలా కూర్చున్నాడు. కోటు, గడియారం రెండూ స్టూడియో వాళ్లవే! నాగలి లేదు, ఎడ్లు లేవు. ఇది అబద్ధం కదా అంటే నాన్నమ్మ ఒప్పుకోదు. "మీ తాత పొలంలో ఎలా ఉండేవాడో ఊరంతా చూసిందే కదరా! దానికి డబ్బులిచ్చి ఫొటో ఎందుకూ?" అంటుంది. మా లెక్చరర్లు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఈ సావనీరు కోసం, నాట్లప్పుడు ఇంటికి వెళ్లి, నాన్నను మడిలోనే ఫొటో తీద్దామనుకున్నాను. మోకాళ్లదాకా బురద, తలకు తువ్వాలు... నాకు తెలిసిన నాన్న అదే. ఫోన్ ఎత్తానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా, చొక్కా వేసుకురానీ."

ఆగాను. కాలువలో కాళ్లు కడుక్కుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గట్టు మీద నిటారుగా నిలబడ్డాడు. ముఖం సగం నీడలో పడింది.

బురదలో ఉన్న ఫొటో అయితే వ్యాసానికి బలం వచ్చేదని మా ఎడిటరు మిత్రుడు అన్నాడు. చొక్కాతో ఉన్నదే ఇచ్చాను. కింద నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, తప్పకుండా వేయమన్నాను.